పాత కంప్యూటరుకు లినక్స్ మింట్: తెలుగు రాత, లెక్కలు, సినిమాలు, ఆటలు అన్నీ సాగుతాయా?

ప్రశ్న: తెనాలి మాస్టారు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌లో ఆరవ తరం ఐ5 ప్రాసెసరు, 8 జీబీ మెమరీ, తర్వాత వేయించిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, మా అబ్బాయి పోరు పడలేక కొన్న జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. ఇన్నాళ్లూ విండోస్ 10తో నిక్షేపంగా నడిచింది. ఆ విండోస్‌కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది, ఎనిమిదవ తరానికి ముందటి ఇంటెల్ ప్రాసెసర్లకేమో, ఏవో కొన్నింటికి తప్ప, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఏ జబ్బూ లేని కంప్యూటరును పక్కన పెట్టి కొత్తది కొనడానికి మనసొప్పడం లేదు కనుక విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్ మింట్ వేసుకోవాలన్న ఆలోచన వచ్చింది.

నేను జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. ప్రశ్నపత్రాలు, విద్యార్థులకిచ్చే నోట్సు వర్డ్‌లో తయారుచేసుకుంటాను. ఒక సాహిత్య మాసపత్రికకు ప్రూఫులు కూడా దిద్దిపెడతాను, ఆ పేజీలను డీటీపీ కేంద్రంవారు పేజ్‌మేకరులో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కూర్చి పంపుతారు. మా బావమరిది తన ఎరువుల కొట్టు లెక్కలను ఆదివారాలు మా ఇంటికి వచ్చి ఇదే కంప్యూటరులోని టాలీలో రాసుకుంటాడు, జీఎస్టీ రిటర్నుల కోసం డిజిటల్ సంతకపు టోకెన్ కూడా పెట్టుకున్నాడు. అమ్మ పాత సినిమాలు, ప్రవచనాలు చూస్తుంది. అబ్బాయి సంగతి వేరే చెప్పనక్కరలేదు, ఆటలే. ప్రింటరు హెచ్‌పీ లేజర్‌జెట్ 1020.

లినక్స్ వాడుతున్నవారిని అడిగితే అన్నీ జరుగుతాయంటున్నారు, వాడి మానేసినవారిని అడిగితే ఏదీ జరగదంటున్నారు. నేను చెప్పిన పనుల్లో ఏవి ఇబ్బంది లేకుండా సాగుతాయో, ఏవి సాగవో, సాగనివాటికి ప్రత్యామ్నాయం ఏమిటో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.

జవాబు: ఓరుగల్లు ల్యాబ్

మాస్టారు గారికి నమస్కారం. నేను హనుమకొండలో ఒక కళాశాల కంప్యూటరు ల్యాబు బాధ్యత చూస్తాను. అక్కడి యంత్రాల్లో చాలావరకు మీ యంత్రం వయసువే, వాటిలో నడిచేది మింటే. మీ ప్రశ్నలో నాకు బాగా తెలిసినది తెలుగు రాత సంగతి కనుక దానినే వివరంగా చెబుతాను, టాలీ, ఆటల గురించి చెప్పగలిగినవారు ఇక్కడ వేరే ఉన్నారు.

ఏ కంప్యూటరైనా గుర్తించే యూనికోడ్ పద్ధతిలో తెలుగు రాయడానికి మింట్‌లో లోటేమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక వ్యవస్థతోపాటే వస్తుంది, కీబోర్డు సెట్టింగులలో తెలుగును చేర్చుకుంటే చాలు. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటు ఉంటే ఐబస్ అనే ప్రోగ్రామును, దానికి అనుబంధమైన ఎం17ఎన్ ప్యాకేజీని వేసుకోవాలి. అందులో ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ అమరికలు కూడా ఉంటాయి. అయితే అనులో యాపిల్ కీబోర్డుకు అలవాటుపడిన వేళ్లకు ఇక్కడి యాపిల్ అమరికలో ప్రతి మీటా అదే చోట తగులుతుందని ముందే అనుకోవద్దు. స్త్రీ, లక్ష్మి, జ్ఞానము, సాఫ్ట్‌వేర్ అనే నాలుగు మాటలు కొట్టి చూస్తే ఏ అమరిక మీ చేతికి ఒదుగుతుందో తెలిసిపోతుంది. ముఖ్యంగా చివరి మాటలో పొల్లు పక్కనున్న ‘వే’ వత్తుగా మారి కిందికి దిగిపోకుండా చూసే మీట ఎక్కడుందో మొదటి రోజే తెలుసుకోవడం మంచిది.

వర్డ్ స్థానంలో లిబ్రే ఆఫీస్ వస్తుంది. కొత్తవారు అందులో తికమకపడే చోటు ఒకటి ఉంది. తెలుగు, హిందీ, అరబిక్ వంటి లిపులను అది సంక్లిష్ట లిపుల కింద లెక్కగట్టి, వాటికి ఇంగ్లీషుతో సంబంధం లేకుండా ప్రత్యేకమైన ఫాంటును, ప్రత్యేకమైన పరిమాణాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అందువల్ల ఒకే వాక్యంలో తెలుగూ ఇంగ్లీషూ కలిసినప్పుడు తెలుగు అక్షరాలు 14లోనూ, ఇంగ్లీషు మాటలు 12లోనూ ఉండిపోవడం, ఎందుకిలా అవుతోందో తెలియక మనిషి విసిగిపోవడం జరుగుతుంది. టూల్స్‌లోని ఆప్షన్స్‌కు వెళ్లి, భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నదానికి టిక్కు పెట్టి, తెలుగును ఎంచుకోండి. తర్వాత రైటర్ విభాగంలో ఇంగ్లీషుకూ తెలుగుకూ ప్రాథమిక ఫాంట్లను విడివిడిగా నిర్ణయించుకుంటే ఆ బాధ తొలగుతుంది.

మీ పాత ప్రశ్నపత్రాలు తెరిచినప్పుడు ఇంకో సమస్య ఎదురవుతుంది. వాటిలో గౌతమి గానీ, నిర్మల గానీ వాడి ఉంటారు. ఆ రెండూ విండోస్‌తో వచ్చే ఫాంట్లు కనుక మింట్‌లో ఉండవు, వాటి బదులు నోటో వంటి వేరొక ఫాంటు వచ్చి కూర్చుంటుంది, దాని వెడల్పూ ఎత్తూ వేరు కావడంతో రెండు పేజీల పత్రం మూడో పేజీలోకి జారుతుంది. ప్రశ్న చివర మార్కుల అంకె కుడి అంచుకు రావడం కోసం స్పేస్ మీట కొట్టుకుంటూ పోయిన ఫైళ్లయితే ఆ అంకెలన్నీ చెల్లాచెదురవుతాయి. మార్కుల కోసం కుడివైపు ట్యాబ్ గానీ, గీతలు కనబడని పట్టిక గానీ వాడి, ఫాంటుగా మండలి, సురన్న, రామభద్ర, పోతన2000 వంటి ఉచిత ఫాంట్లలో ఒకదాన్ని ఎంచుకుంటే, అదే ఫాంటును మీ కళాశాలలోని విండోస్ కంప్యూటరులోనూ వేసుకోవచ్చు, అప్పుడు పత్రం రెండు చోట్లా ఒకేలా కనబడుతుంది. అచ్చుకు ఇచ్చేది మాత్రం ఎప్పుడూ పీడీఎఫ్‌గానే ఇవ్వండి. తెలుగు అక్షరదోషాలు వెతికే హన్‌స్పెల్ నిఘంటువు ఉంది గాని, ప్రత్యయాలూ సంధులూ కలిసి మాటలు పొడుగయ్యే మన భాషలో అది సరైన మాటల కింద కూడా ఎర్రగీతలు గీస్తూ ఉంటుంది. తెలుగు మాస్టారికి దానితో పెద్ద పని ఉండదనుకుంటాను.

ఇక అను సంగతి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాలు ఉండవలసిన స్థానాలలో తెలుగు గుణింతపు ముక్కలను అమర్చి చేసినవి. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ పాఠం అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడుతుంది. అను కీబోర్డు ప్రోగ్రాముగానీ, 2001లో చివరి సంస్కరణ వచ్చి ఆగిపోయిన పేజ్‌మేకరు గానీ లినక్స్ కోసం తయారుకాలేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అనే ప్రోగ్రాము ద్వారా వాటిని నడిపించే ప్రయత్నాలు చేసేవారున్నారు, పత్రిక గడువు నెత్తిమీద ఉన్నప్పుడు దానిని నమ్ముకోమని మాత్రం నేను చెప్పను.

నిజానికి ప్రూఫులు దిద్దేవారికి పేజ్‌మేకరు ఫైలుతో పనేముంది? ఫాంట్లను లోపలే పొదిగిన పీడీఎఫ్ పంపమని డీటీపీ కేంద్రంవారిని అడగండి, అది ఏ కంప్యూటరులోనైనా ఉన్నదున్నట్టు కనబడుతుంది. దానిమీద ఆక్యులర్ అనే పీడీఎఫ్ ప్రోగ్రాములో పసుపు రంగు పూసి పక్కన వ్యాఖ్య రాయవచ్చు. కాగితంమీద ఎర్రసిరాతో దిద్దినట్టే కావాలంటే గ్జర్నల్++లో పెన్ను టాబ్లెట్‌తో గీతలు గీసి తిరిగి పీడీఎఫ్‌గా పంపవచ్చు. ఆ పీడీఎఫ్‌లోంచి వాక్యాన్ని నకలు తీసి వేరేచోట అతికిస్తే మాత్రం చెత్తే వస్తుంది. అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఇంటర్నెట్టులో దొరుకుతాయి, వాటిలోనూ వత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు తప్పిపోతాయి కనుక మార్చిన పాఠాన్ని మొదటినుంచీ మళ్లీ చదవక తప్పదు. ఎప్పటికైనా ఆ పత్రిక యూనికోడ్‌లోకి వస్తే పేజీలు కూర్చడానికి స్క్రైబస్ ఉంది, 2024లో వచ్చిన 1.6 సంస్కరణ మన లిపిని సరిగ్గానే పేరుస్తుంది.

జవాబు: గోదారి లెక్కలు

రాజమహేంద్రవరంలో పన్నుల సలహాదారుగా పనిచేస్తున్నాను. ల్యాబు గారు రాతకోతల గురించి చెప్పిన దానితో నాకు పేచీ లేదు గాని, మాస్టారి బావమరిది గారి ఆశలమీద మాత్రం కొన్ని నీళ్లు చల్లవలసి వస్తోంది.

టాలీప్రైమ్ విండోస్‌కు మాత్రమే తయారైన ప్రోగ్రాము. వైన్‌లో తెరుచుకుందని సంబరపడేవారు కనబడతారు, తెరుచుకోవడం వేరు, ఏడాది పొడుగునా లైసెన్సు, ముద్రణ, ఎగుమతి, బ్యాకప్ అన్నీ చెక్కుచెదరకుండా నడవడం వేరు. వ్యాపారపు లెక్కలను అటువంటి ప్రయోగానికి అప్పగించడం వివేకం కాదు. టాలీని సంస్థవారి క్లౌడులో అద్దెకు తీసుకుని బ్రౌజరులో తెరిచే పద్ధతి ఉంది, దానికి చందా కట్టాలి. ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ వేసుకుని దానిలో టాలీ పెట్టుకోవడం రెండో దారి. అప్పుడు 8 జీబీ మెమరీలో సగం ఆ విండోస్‌కే పోతుంది కనుక 16 జీబీ చేయించక తప్పదు, లోపల వేసే విండోస్‌కూ సక్రమమైన లైసెన్సు ఉండాలి.

డిజిటల్ సంతకం విషయంలో చాలామంది ఒకచోట పొరపడుతున్నారు. టోకెన్‌కు లినక్స్ డ్రైవరు దొరికితే చాలనుకుంటారు. ఇక్కడ రెండు వేర్వేరు అంచెలు ఉన్నాయి. యూఎస్‌బీ టోకెన్‌ను కంప్యూటరు గుర్తించడం మొదటిది, దీనికి కొన్ని రకాల టోకెన్లకు లినక్స్‌లోనూ ఏర్పాటు ఉంది. జీఎస్టీ వంటి ప్రభుత్వ పోర్టల్ అడిగినప్పుడు మన కంప్యూటరులో తెరవెనుక నడుస్తూ సంతకాన్ని అందించే చిన్న ప్రోగ్రాము ఆ టోకెన్‌ను చూడగలగడం రెండోది. ఈ రెండో అంచె ఒక్కో పోర్టల్‌కు ఒక్కో రకంగా ఉంటుంది, ఎక్కువగా విండోస్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేసినదే. రిటర్ను దాఖలుకు చివరి రోజు సాయంత్రం ఈ పరిశోధన మొదలుపెట్టేవారిని నేను చూశాను, చూడముచ్చటగా ఉండదు.

అయితే మీ బావమరిది గారికి ఈ తలనొప్పి అసలు అవసరం లేకపోవచ్చు. కొట్టు ఆయన సొంత యాజమాన్యంలో ఉంటే జీఎస్టీ రిటర్నులకు డిజిటల్ సంతకం తప్పనిసరి కాదు, ఫోనుకు వచ్చే ఓటీపీతో ఈవీసీ (ఎలక్ట్రానిక్ ధ్రువీకరణ కోడు) పద్ధతిలో ధ్రువీకరించవచ్చు. కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలకు) మాత్రమే టోకెన్ తప్పదు. అలాగే మీ జీతపు ఆదాయపు పన్ను రిటర్నును పోర్టల్‌లోనే పూర్తిచేసి ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించవచ్చు, దానికి ఏ బ్రౌజరైనా సరిపోతుంది. డౌన్‌లోడ్ చేసుకుని నింపే ఎక్సెల్ ఫారాలు మాత్రం మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ మాక్రోల మీద ఆధారపడినవి, లిబ్రే ఆఫీస్‌లో వాటిని తెరిచి నింపవద్దు.

నా మాట వింటే విండోస్‌ను ఇప్పుడే పూర్తిగా చెరిపేయకండి. ఇంటి వాడకందార్లకు భద్రతా నవీకరణలను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించుకునే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ఇచ్చింది, విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు కావచ్చు. ఈలోగా బావమరిది గారు తన కొట్టు లెక్కలకు తనదైన కంప్యూటరు ఒకటి చూసుకోవడం అన్నివిధాలా మంచిది. ఎరువుల కొట్టు లెక్కలు మాస్టారి ఇంట్లో ఎందుకుండాలో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

జవాబు: ఫ్రిస్కో ఖమ్మం

టెక్సాస్‌లో ఉంటాను. ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నల కంప్యూటరులో మింట్ వేసి, ఏదైనా అవసరం వస్తే రస్ట్‌డెస్క్ ద్వారా ఇక్కడినుంచే చూస్తూ ఉంటాను. వినోదం గురించి నాకు తెలిసినది రాస్తున్నాను.

మాస్టారి అమ్మగారి విషయంలో ఏ చింతా అక్కరలేదు. యూట్యూబ్‌లోని ప్రవచనాలు ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో విండోస్‌లో ఉన్నట్టే నడుస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మల్టీమీడియా కోడెక్‌లు కావాలా అని అడిగే గడికి టిక్కు పెడితే దాచుకున్న సినిమా ఫైళ్లన్నీ ఆడతాయి, వీఎల్‌సీని కూడా వేసుకుంటే దానిలో ఆడని ఫైలు అరుదు. అంగడిలో కొన్న పాత డీవీడీలు ఉంటే వాటి తాళం విప్పే చిన్న లైబ్రరీ కూడా ఉండాలి. మెనూలను తెలుగులోకి మార్చే వీలుంది, కాకపోతే అనువాదం అన్నిచోట్లా పూర్తికాలేదు, సగం తెలుగూ సగం ఇంగ్లీషూ కలిసి పెద్దవాళ్లను మరింత గందరగోళపెడుతుంది. మా అమ్మకు నేను అక్షరాల పరిమాణాన్ని పెంచి, ఆమె చూసే ఛానళ్లకు ఒక్కోదానికి తెరమీద ఒక్కో గుర్తు పెట్టి ఇచ్చాను. అది లినక్స్ అన్న సంగతి ఆమెకు తెలియదు, తెలియవలసిన పనీ లేదు.

ఓటీటీల దగ్గర ఒక పరిమితి ఉంది. ఆహా, ఈటీవీ విన్, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వంటివాటికి లినక్స్‌లో విడి యాప్‌లు లేవు, బ్రౌజరులోనే చూడాలి. సినిమా నకలు కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే తాళం ఫోన్లలో, టీవీలలో హార్డ్‌వేరు స్థాయిలో పనిచేస్తుంది, లినక్స్ బ్రౌజరులో మాత్రం దాని సాఫ్ట్‌వేరు స్థాయి ఒక్కటే అందుతుంది. ఆ స్థాయికి 4కే చిత్రం రాదు, కొన్ని సేవలు అంతకన్నా బాగా కిందికి దించి మసకగా చూపిస్తాయి. డెస్క్‌టాప్ తెరమీద ఇది కొందరికి పట్టదు, కొందరికి కంట్లో నలుసులా ఉంటుంది. మీకున్న ఖాతాతో ఒక సినిమా ఆడించి మీరే చూసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో ఇలాంటి తాళాలకు కావలసిన డీఆర్‌ఎం అనుమతి ఉందో లేదో కూడా సెట్టింగులలో గమనించండి.

ఆటల సంగతి మీ అబ్బాయి ఏవి ఆడతాడన్న దానిమీదే పూర్తిగా ఆధారపడి ఉంది. 2018లో వాల్వ్ సంస్థ తన ఆటల అంగడి స్టీమ్‌లో, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌ను చేర్చినప్పటినుంచి విండోస్ ఆటలు వేలాదిగా లినక్స్‌లో నడుస్తున్నాయి. 2022లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ నడిచేది కూడా లినక్స్ మీదే. డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2, జావా మైన్‌క్రాఫ్ట్ అయితే నేరుగా లినక్స్‌కే ఉన్నాయి. మోసగాళ్లను పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాములున్న ఆన్‌లైన్ ఆటల దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. వాలొరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు. ఏపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు నడిచేది, 2024లో తయారీదారులే లినక్స్‌ను ఆపేశారు. జీటీఏ 5లో ఒంటరిగా ఆడే కథ నడుస్తుంది గాని, అదే ఏడాది బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్‌ను చేర్చాక ఆన్‌లైన్ భాగం ఆగిపోయింది. ఇవి సాంకేతికంగా సరిచేసుకోగల లోపాలు కావు, సంస్థలు తీసుకున్న నిర్ణయాలు. ప్రోటాన్‌డీబీ సైటులో ఆట పేరు కొడితే వాడినవారి అనుభవాలు కనబడతాయి, అబ్బాయినే కూర్చోబెట్టి వెతికించండి.

తెనాలి మాస్టారు

ముగ్గురికీ ధన్యవాదాలు. బావమరిదికి గోదారి గారి జవాబు చదివి వినిపించాను. కొట్టు అతని సొంతమే, ఓటీపీతో సరిపోతుందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదట. టాలీ కోసం వేరే ఏర్పాటు చేసుకునేదాకా విండోస్ ఉంచమని అడిగాడు. అబ్బాయి ఆడేవాటిలో వాలొరెంట్ ఉంది, కనుక వాడి ఓటు కూడా విండోస్‌కే. రెండింటినీ ఒకే కంప్యూటరులో పక్కపక్కన పెట్టుకోవడానికి 240 జీబీ సరిపోతుందా? ఉన్న ఫైళ్లకు ప్రమాదం రాకుండా ఎలా మొదలుపెట్టాలి? ప్రింటరు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

జవాబు: ఓరుగల్లు ల్యాబ్

సరిపోతుంది గాని ఇరుకవుతుంది. మింట్‌కు కనీసం 20 జీబీ చాలంటారు, సౌకర్యంగా ఉండాలంటే 100 జీబీ కావాలి. డిస్కును ముక్కలు చేసే బదులు ఇంకో చిన్న ఎస్‌ఎస్‌డీ కొని మింట్‌ను దానిలో వేయమని నా సలహా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత ఎస్‌ఎస్‌డీ తీగను పీకి పక్కన పెడితే విండోస్‌కు పొరపాటున కూడా ఏమీ కాదు. తర్వాత కంప్యూటరు వెలిగించగానే వచ్చే బూట్ మెనూలో ఏది కావాలో ఎంచుకోవచ్చు. అంతకుముందే మీ ఫైళ్లను బయటి డిస్కులోకి ఒక నకలు తీసుకోండి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ అమలులో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితంమీద రాసిపెట్టుకోండి, బయోస్ సెట్టింగులలో సెక్యూర్ బూట్‌ను (గుర్తింపు ఉన్న ప్రోగ్రాములతోనే కంప్యూటరు మొదలయ్యేలా చూసే కాపలాను) మార్చినప్పుడు అది అడిగే అవకాశం ఉంది.

మింట్‌ను దాని అధికారిక సైటునుంచే దించుకుని, ఫైలు మారలేదని తెలిపే, పక్కనే ఇచ్చే చెక్‌సమ్ అనే సంకేతంతో సరిపోల్చండి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో ఆ సైటును హ్యాక్ చేసి, దొంగదారి పెట్టిన ఫైలును కొద్దిసేపు అసలుదాని స్థానంలో ఉంచారు, సరిపోల్చుకున్నవారు బయటపడ్డారు. మింట్ 22 వరుసకు 2029 వరకు మద్దతు ఉంది కనుక దానినే తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లోకి రాసి దానినుంచే బూట్ చేస్తే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ మొత్తం తెరమీదికి వస్తుంది. అప్పుడే వైఫై, ధ్వని, వెబ్‌కెమెరా, మీ బయటి డిస్కు అన్నీ పరీక్షించండి. ఏదైనా పనిచేయకపోతే ఆ పూటే తెలుస్తుంది.

వేసుకున్నాక ముందు డ్రైవర్ మేనేజరు తెరిచి ఎన్‌విడియా డ్రైవరును ఎంచుకోండి. 1050 టీఐ పాస్కల్ తరం కార్డు, 580 వరుసే ఆ తరాన్ని గుర్తించే చివరి డ్రైవరు, అంతకు పైదానికి పోవద్దు. సెక్యూర్ బూట్ ఉంచుకుంటే డ్రైవరు వేసేటప్పుడు ఒక సంకేతపదం పెట్టమంటుంది, తిరిగి వెలిగించినప్పుడు నీలితెరమీద దానిని అడుగుతుంది. ఆ తెరను చూసి కంగారుపడి దాటవేసేవారు ఎక్కువ, దాటవేస్తే డ్రైవరు పనిచేయదు. టైమ్‌షిఫ్ట్‌ను కూడా మొదటి రోజే అమర్చండి, నవీకరణ ఏదైనా తేడా చేస్తే వ్యవస్థను వెనక్కి తీసుకుపోతుంది. దానంతట అది మీ హోమ్ ఫోల్డరును భద్రపరచదు సుమా, ప్రశ్నపత్రాల నకలు మీరు వేరుగా తీసుకోవలసిందే.

రెండూ మార్చి మార్చి వాడేటప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే భయపడకండి. కంప్యూటరు లోపలి గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ గ్రీన్‌విచ్ సమయంగా చదువుతుంది. లినక్స్‌ను కూడా స్థానిక సమయమే వాడమని చెప్పే ఆదేశం ఒకటి ఉంది, అప్పుడు అడగండి, రాసిస్తాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయడం కూడా అవసరం, లేకపోతే ఆ డిస్కు సగం నిద్రలో ఉండిపోయి మింట్‌లో చదవడానికి తప్ప రాయడానికి వీలివ్వదు.

లేజర్‌జెట్ 1020 పనిచేస్తుంది. ఆ ప్రింటరుకు తనను నడిపే ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేరును, తనలో దాచుకునే చోటు లేదు, వెలిగించిన ప్రతిసారీ కంప్యూటరే దానిని ఎక్కించాలి. ఆ పని హెచ్‌పీ వారి హెచ్‌ప్లిప్ అనే ప్రోగ్రాము చేస్తుంది, కాకపోతే దానికి ఒక ప్లగిన్ అదనంగా దించుకోవాలి, ప్లగిన్ సంస్కరణా హెచ్‌ప్లిప్ సంస్కరణా ఒకటే అయి ఉండాలి. అందుకే పెద్ద నవీకరణ తర్వాత ప్రింటరు ఉలకకపోతే తీగలూ కాట్రిడ్జీ చూడకముందే హెచ్‌ప్లిప్ తెరిచి ప్లగిన్‌ను మళ్లీ వేయండి. నెట్టు ఉండాలి, ఐదు నిమిషాల పని.